క్యారెట్‌కు పువ్వుంటుందా

క్యారెట్ వేయడం, పీకడం నాకు పదిహేనేళ్లుగా తెలుసు. సురంగల్‌లో మాకున్న ఎకరంన్నరలో ఆ పనే. చదువును నేను ఏడో తరగతిలో వదిలేశానని ఇంట్లో అంటారు. అబద్ధం, అదే నన్ను వదిలేసింది. నోరు మాత్రం వదల్లేదు. ఎవరేమడిగినా ఒక జోకు పడేయాల్సిందే.

మూడో తరగతి చదివే మా బిడ్డ ఒకరోజు పుస్తకం పట్టుకుని పొలం గట్టు మీదికే వచ్చింది. విత్తనం, మొలక, మొక్క, పువ్వు, మళ్లీ విత్తనం. ఇవన్నీ గుండ్రంగా గీయాలట. ఇంట్లో పండించే మొక్కదే గీయమన్నారట మేడమ్.

"బాపు, క్యారెట్ పువ్వు ఎట్లుంటది?"

నేనెప్పుడూ చూడలేదు. మూడు నెలలకే గడ్డ పీకి, మెషీన్‌లో కడిగి, మార్కెట్‌కు పంపేవాణ్ణి. పువ్వు దాకా దాన్ని బతకనిచ్చిందెక్కడ? విత్తనం దుకాణంలో డబ్బాలో దొరికేది. డబ్బాలోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో నేనడగలేదు.

"దానికి పువ్వుండదు బిడ్డా. గింజలు కంపెనీలనే చేస్తరు, బూందీ కొట్టినట్టు," అన్నాను.

నమ్మింది. క్లాసులో లేచి అదే చెప్పింది. పిల్లలంతా ఒకటే నవ్వట. ఇంటికొచ్చి ఏడవలేదు. హోంవర్క్ పట్టుకుని నన్ను దాటుకుంటూ అమ్మ దగ్గరికి పోయింది. మర్నాడూ అంతే. నా జోకులకు నవ్వేది కానీ, అడగడం మానేసింది. నా మాటకు నవ్వేవాళ్లు ఊరంతా ఉన్నారు. నమ్మి అడిగేది అదొక్కతే.

ఆ పంట పీకేటప్పుడు గట్టు పక్కన ఒక సాలు ఉంచేశాను.

"ఏందయ్యా, వాటికి పెండ్లి చేసి పంపుతవా?" అంది మా ఆవిడ.

"సంబంధాలు చూస్తున్న," అన్నాను.

చలి పోయేసరికి సగం గడ్డలు కుళ్లాయి. ఇక దున్నేద్దామనుకుంటుండగా మూడింటి నడుమ నుంచి కాడలు లేచాయి. బిడ్డకు చెప్పలేదు. మళ్లీ తప్పయితే? ఎండలు ముదరకముందే నడుమెత్తు కాడల మీద తెల్లటి పూత గొడుగులా విప్పుకుంది. తేనెటీగలు నాకంటే ముందే వచ్చి కూర్చున్నాయి. ఒక గడ్డ తవ్వి కొరికాను. కట్టె. ఉన్న తీపంతా పైకి పంపేసింది. నేనిన్నేళ్లూ అమ్మింది, ఆ మొక్క తన పూత కోసం కట్టుకున్న సద్ది అన్నమాట.

ఆదివారం బిడ్డను తీసుకుపోయాను.

"నేను చెప్పింది తప్పు బిడ్డా. తెల్వకనే చెప్పిన."

వెనకాల జోకేదో వస్తుందని నా మొఖంలోకి చూసింది. రాకపోయేసరికి పూత మీదికి వంగింది.

"కొత్తిమీర పువ్వు లెక్కనే ఉన్నది గద!"

తర్వాత, తల తిప్పకుండానే అడిగింది. "బాపు, ఈ గింజలేస్తే గిట్లాంటి గడ్డనే వస్తదా?"

నాలుక చివర ఒక జోకు సిద్ధంగానే ఉంది. మింగేశాను.

"తెల్వదు బిడ్డా."

"ఎన్ని దినాలకు ఎండుతయి?"

"అదీ తెల్వదు."

"ఏం తెల్వదు నీకు," అని పుస్తకం తెరిచి గట్టు మీద చతికిలబడింది. "జర కాడ వంచి పట్టుకో బాపు, బొమ్మ గీస్త."