సాయిలన్న గొంగడి

తడిసిన గొంగడి వాసనకు ఇవాళ మళ్లీ సాయిలన్న గుర్తొచ్చాడు. దాన్ని సంచిలో కుక్కబోయి, అలాగే ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయాను.

బోధన్ చుట్టుపక్కల చెరకు తోటల్లో సోలార్ మోటార్లు బిగించేవాడాయన. ఐటీఐ చదివిన ఆడపిల్లను ఏ మేస్త్రీ పనిలో పెట్టుకోని రోజుల్లో నన్ను వెంట తిప్పుకుని పని నేర్పాడు. నోరు మాత్రం మంచిది కాదు. తప్పు చేస్తే రైతుల ముందే కడిగేసేవాడు.

మొదటి రోజు నేను స్టార్టర్‌లో ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, సోలార్ ప్లేట్ల కింద వైరు విప్పబోయాను. మా ఊళ్లలో అందరిదీ అదే ధైర్యం. ఆయన నా చెయ్యి పట్టి లాగాడు.

"ఫ్యూజు పీకితె మోటరు ఆగుతది, పొద్దు ఆగుతదా? ఎలుతురు తగలంగనే ప్లేటుల ఎలక్ట్రాన్లు ఊడి లేస్తయ్. నడుమ గేటసొంటిది ఉంటది, ఒక్క దిక్కే పోనిస్తది. మల్ల ఎనుకకు రావాలంటె వైరు ఎంబడి తిరిగి రావాలె. గా తిరుగుడే కరెంటు."

"వైరు విప్పేస్తె అన్నా?"

"గేటు కాడ ఎగబడి ఉంటయ్. నీ చెయ్యి దారిస్తె దాంట్లకెల్లే పోతయ్. మబ్బు పట్టినా గంతే."

అందుకే ముందు ప్లేట్ల మీద గొంగళ్లు కప్పేవాడు. మీటరు పెట్టి చూసి, ఆ తర్వాతే వైరు ముట్టేవాడు.

ఒక ముసురు రోజున కూడా అన్నీ అలాగే చేశాడు. నేను బోరు దగ్గర ఉన్నాను. జల్లు మొదలైంది. తిరిగి వచ్చేసరికి సాయిలన్న ప్లేట్ల కింద బురదలో పడి ఉన్నాడు. గొంగళ్లు కొట్టంలో మడతపెట్టి ఉన్నాయి. రైతు తల్లి కొట్టం ముందు నిలబడి ఉంది.

"రాత్రి వానకు తడిసినయి ఆరేసిండ్రనుకున్న బిడ్డా. మల్ల తడుస్తయని తీసిన. కిందున్నడని సూడలే."

దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. దినాల నాడు ఆ అవ్వ ఆ గొంగళ్లలో ఒకటి తెచ్చి, ఆయన భార్య ముఖం చూడలేక నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ అవ్వ మీద కోపం రాలేదంటే అబద్ధం. సాయిలన్న మీద ఇంకా ఎక్కువ వచ్చింది. నాకు అంత విడమరిచి చెప్పిన మనిషి, ఆ అవ్వకు ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పుడు ఏ చేనుకు వెళ్లినా ముందు ఇంటి ముసలివాళ్లను పిలిచి చెప్తాను. ఇవాళ కూడా చెప్పాను. జల్లు పడుతుంటే, ప్లేట్ల మీది గొంగడి చూసి ఆ ఇంటి అవ్వ ప్రాణం ఊరుకోలేదు.

"మంచి గొంగడి, తడుస్తున్నది గద బిడ్డా?"

"తడవనియ్ అవ్వా" అన్నాను.