మస్తానయ్య గారి ఓడల జాబితా

మొన్న మా చిన్నవాడు బోరు మోటారుకు కొత్త సామాను తెప్పించి నా ముందే విప్పాడు. మైనం కాగితం ఊడదీయగానే గ్రీజు వాసన గుప్పుమంది. వాడికి అది ఒట్టి నూనె కంపు. నాకు మాత్రం ఆత్మకూరు బస్టాండు దగ్గరి ఆయిల్ ఇంజన్ల అంగడి, బల్ల వెనక కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కూర్చున్న మస్తానయ్య గారు కళ్ళ ముందుకు వచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఎరిగినవాళ్ళు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. నేనూ వెళ్ళేలోపు నాలుగు మాటలు రాసి పెడదామనిపించింది.

యాభైల మొదట్లో ఆయన దగ్గర గుమస్తాగా చేరాను. అప్పటికి నాకు పెళ్ళయింది, ఎస్సెస్సెల్సీ పాసయ్యాను, ఇంగ్లీషు వచ్చునన్న పొగరు దండిగా ఉండేది. ఆయన చదివింది ఐదో తరగతి. కానీ వయసులో ఉన్నప్పుడు మద్రాసు హార్బరులో ఓడల నుంచి దిగే పెట్టెలు లెక్కపెట్టే పని పదేళ్ళు చేసి వచ్చారు. అక్కడి పాత స్నేహితుడొకాయన వారానికోసారి ఒక కాగితాల కట్ట పోస్టులో పంపేవాడు. ఏ ఓడలో ఏ సరుకు దిగింది, ఎన్ని పెట్టెలు, పెట్టె మీద ఏ వర్తకుడి గుర్తు, ఏ ఊరికి పోవాలి అన్నీ వరుసగా అచ్చువేసిన దిగుమతుల జాబితా అది.

పొద్దున అంగడి ముందు నీళ్ళు చల్లగానే నేను ఆ జాబితా పైకి చదవాలి. ఆయన ఇంజను సామాను వరకు ఏరి రూళ్ళ పుస్తకంలో ఎక్కించుకునేవారు. ఆత్మకూరులో కూర్చుని మద్రాసుకొచ్చిన దువ్వెనల పెట్టెలూ గాజు సీసాల పెట్టెలూ చదవడం నాకు పరమ విసుగు. ఇదంతా మనకెందుకని ఒకసారి అడిగేశాను కూడా. ఆయన ఓపికగా చెప్పారు. రేవులో దిగిన పెట్టె మద్రాసు అంగళ్ళకు చేరడానికి మూడు వారాలు పడుతుంది, అక్కడి నుంచి మనకు ఇంకో వారం. అందుకని ఈ రోజు దిగింది చూస్తే వచ్చే నెల మన బీరువాలో ఏముంటుందో తెలుస్తుంది, దిగనిది చూస్తే ఏముండదో తెలుస్తుంది. రెండోది తెలుసుకోవడమే ముఖ్యమనేవారు. నాకు తలకెక్కలేదు. మద్రాసు వర్తకుల వరుసలు మాత్రం చదివి, వేరే ఊళ్ళకు పోయే పెట్టెలను గుట్టుచప్పుడు కాకుండా దాటేయడం మొదలుపెట్టాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి.

ఒక వేసవిలో ఉదయగిరి పక్క పల్లె నుంచి పెంచలమ్మ వచ్చింది. భర్త పోయాక గొర్రెల మందను అమ్మి, మా దగ్గరే ఇంజను కొని, బావి కింద బత్తాయి తోట వేసుకున్న మనిషి. చెట్లకు నాలుగో ఏడు నడుస్తోంది. మరుసటి ఏడు మొదటి కాపు. పాడైన నాజిలు కొంగులో కట్టుకుని బస్సెక్కి వచ్చింది. ఇంజనులోకి నూనెను సన్నటి తుంపరగా చిమ్మే వేలెడంత ఇనుప ముక్క అది. అది లేకపోతే ఇంజను మూలన పడ్డట్టే. మన కొలిముల్లో అయ్యే పని కాదు, సీమ దేశం నుంచి ఓడ మీద రావలసిందే. దిగుమతి లైసెన్సులు బిగించడంతో మా బీరువాలో ఒక్కటీ లేదు. మస్తానయ్య గారు ఆ రోజు సంగం ఊళ్ళో పెళ్ళికి వెళ్ళారు. మేం సరుకు తెచ్చుకునే మద్రాసు కంపెనీ సేల్స్‌మేన్ మాత్రం అంగట్లోనే కూర్చుని ఉన్నాడు. సరుకు ఓడెక్కింది, పది రోజుల్లో మీ బల్ల మీద ఉంటుందన్నాడు. వాడి ఇస్త్రీ చొక్కాను చూసి నమ్మాను. పది రోజుల్లో నేనే తెచ్చి బిగించిపెడతానని పెంచలమ్మకు మాటిచ్చి పంపించాను.

ఆ సంగతి మస్తానయ్య గారికి చెప్పాలని కూడా అనిపించలేదు. ఎనిమిదో రోజు బస్సు కండక్టరు కబురు తెచ్చాడు, చెట్ల ఆకులు ముడుచుకుపోతున్నాయట. అప్పుడు నోరు విప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు.

"ఓడెక్కిందని చెప్పినాడు సరే. దిగిందని చెప్పినాడా?"

రూళ్ళ పుస్తకం నా ముందుకు తోశారు. ఆ కంపెనీ గుర్తు మీద నాలుగు నెలలుగా నాజిళ్ళ పెట్టె ఒక్కటీ దిగలేదు. ఆ జాబితాలన్నీ చదివింది నా నోరే. ఆయన పాత కాగితాల కట్టలు దించి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ వేలితో వరుసలు వెతకసాగారు. రెండు నెలల కిందటి కాగితం మీద వేలు ఆగింది. నాజిళ్ళు రెండు పెట్టెలు, గుర్తు కింద బెజవాడ అని ఉంది.

"ఇది చదివినావా?"

"లేదయ్యా. దాటేసినాను."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మనసు అప్పటికే బెజవాడ చేరింది. వేసవిలో డెల్టా కాలవలు కట్టేస్తారు, ధాన్యం మిల్లులూ మందకొడిగానే ఆడతాయి, అక్కడ నాజిళ్ళకు గిరాకీ ఉండదు, పెట్టెలు అట్లాగే ఉండి ఉంటాయని లెక్క వేశారు. ఆ గుర్తున్న వర్తకుడికి తంతి ఇచ్చాం. ఉన్నాయని మరునాడే జవాబు వచ్చింది. నేను అప్పుడే బెజవాడకు బయలుదేరబోతే ఆపారు.

"బెజవాడకు నేను పోతా. నాజిలు ఎవరైనా తేవచ్చు. మాటిచ్చింది నువ్వు, ఉదయగిరికి పోయి అది తప్పిందని నువ్వే చెప్పు."

మోకాళ్ళ నొప్పులతో ఆయన నెల్లూరు బస్సెక్కారు, నేను ఉదయగిరి బస్సెక్కాను. కొండ కింద ఎండ నిప్పులు చెరుగుతోంది. పెంచలమ్మ తోట గట్టునే ఉంది. నా వట్టి చేతులు చూసింది. మద్రాసు సరుకు రాదని, బెజవాడ నుంచి రావడానికి ఇంకో ఐదు రోజులు పట్టవచ్చని, వాకబు చేయకుండా మాటిచ్చింది నా తప్పేనని చెప్పాను. ఆమె కొంగు నడుముకు బిగించింది.

"ఈ మాట ముందే చెప్పుంటే కపిల కట్టించుకునేదాన్ని గదా నాయనా. నువ్వు తెస్తావని కాచుకొనుండా."

ఆ మాట గుండెలో దిగబడింది. ఆమె ఇక నిలబడలేదు. పక్క చేను వాళ్ళ ఎద్దులను అడిగి తోలించుకొచ్చింది. ఇంజను వచ్చాక అటకెక్కించిన తోలు బానను దించి నానబెట్టింది. సాయంత్రానికి ఎద్దులు ఆ బానతో బావి నీళ్ళు తోడుతుంటే కపిల కదిలింది. ఒక్కో చెట్టుకు గొంతు తడిసేపాటి నీళ్ళే. నేనూ అక్కడే ఉండిపోయి చేతులు బొబ్బలెక్కేదాకా పాదులకు నీళ్ళు మళ్ళించాను.

ఐదో రోజు మధ్యాహ్నం మస్తానయ్య గారు తువ్వాల్లో చుట్టిన నాజిలుతో బస్సు దిగారు. బిగించి తిప్పితే ఇంజను రెండు సార్లు దగ్గి అందుకుంది. గొట్టంలోంచి నీళ్ళు ఉరికి కాలవ నిండసాగింది. గట్టు మీద కూలబడి, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చాను. అంత తేలికైన ఏడుపు నేను మళ్ళీ ఏడవలేదు. గట్టు చివర పది చెట్లు పోయాయి. తోట నిలిచింది.

మరుసటి ఏడు పెంచలమ్మ బుట్టెడు బత్తాయిలు తెచ్చి అంగడి బల్ల మీద పెట్టింది. మొదటి కాయ నా చేతికిచ్చింది. వరసలు దాటేసినోడికి మొదటి కాయ ఏందమ్మా అని మస్తానయ్య గారు ఆటపట్టించారు. ఆమె నవ్వలేదు.

"నాజిలు తెచ్చింది నువ్వే అయ్యా, కాదన్ను. అది రాకముందు ఐదు రోజులు ఉండాయి చూడు, అప్పుడు చెట్లు బతికింది ఈ అబ్బి లేదని చెప్పబట్టే."

మస్తానయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను మెచ్చుకుంటూ ఆయన ఒక్క మాటా అనలేదు. మర్నాటి నుంచి మాత్రం రూళ్ళ పుస్తకం నా చేతికిచ్చి, ఎక్కించుకునే పని కూడా నాకే వదిలేశారు.

ఆయన తర్వాత ఆ అంగడిని ముప్పై ఏళ్ళు నేనే నడిపాను. జాబితాలు వచ్చినన్నాళ్ళూ దువ్వెనల పెట్టెలతో సహా ప్రతి వరుసా చదివాను. సరుకు వచ్చిందని చెప్పాల్సి వస్తే రైతుకు ఒక కార్డు ముక్క రాసి పడేసేవాణ్ణి. రాదని చెప్పాల్సి వస్తే మాత్రం తెల్లవారి మొదటి బస్సుకు నేనే వెళ్ళేవాణ్ణి.