అమ్మోరు పోసిన ఇంట్లో గుండె బిళ్ళ

2023, ఎండలు ముదురుతున్న రోజులు. బెంగాల్లో, ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర నా మందుల దుకాణం. ఫార్మసీ చదివి నేనే కౌంటర్లో నిలబడితే, మొదట్లో మగవాళ్ళు "దాదా లేరా?" అని, కొట్టు నడిపే అన్నగారి కోసం అడిగేవారు. "లేడు, నేనే ఉన్నాను, చీటీ ఇయ్యి" అనేదాన్ని. ఇప్పుడెవరూ అడగరు.

ఆ మధ్యాహ్నం గౌరి వచ్చింది. రైల్వే వర్క్‌షాపు ఫిట్టర్ భార్య, చిన్న వయసు. గుండె వాల్వ్ పాడైతే ఆపరేషన్ చేసి లోహపు వాల్వ్ వేశారు. అలాంటివాళ్ళు బ్లడ్ థిన్నర్, అంటే రక్తం గడ్డకట్టకుండా చూసే బిళ్ళ, బతికినన్నాళ్ళూ రోజూ వేసుకోవాలి. మానితే వాల్వ్ మీద గడ్డ కట్టి ప్రాణం పోవచ్చు.

సంచి ఒకటి కౌంటర్ మీద పెట్టింది. "దీదీ, ఇవి నీ కాడుంచు. బాబుకి మూడో నీళ్ళు పోసినాక పట్టుకెళ్తాను."

లోపల జ్వరం సిరప్, మామగారి షుగరు బిళ్ళలు, అడుగున ఆమె గుండె బిళ్ళల స్ట్రిప్పులు. విషయం అర్థమైంది. పిల్లాడికి చికెన్‌పాక్స్. మా ఉత్తరాంధ్ర కుటుంబాలు రైలు పనికి ఇక్కడికొచ్చి తరాలు గడిచినా, అమ్మోరు పోసిన ఇంట్లో మందు ఉండకూడదన్న పట్టింపు పోలేదు. మూడుసార్లు వేపాకు నీళ్ళు పోసేదాకా ఇంటిల్లిపాదికీ అంతే.

"నీ బిళ్ళ ఎప్పుడు మానేసినావే?"

"బాబుకి పొక్కులు కనబడిన కాడ్నించి. నాకేటీ బాధ లేదు దీదీ."

"బాధొచ్చినాక చెప్పడానికి నువ్వుండవే తల్లీ!"

షట్టర్ దించి ఆమెతో వాళ్ళ క్వార్టర్‌కి నడిచాను. గుమ్మానికి వేపమండలు. గౌరి అత్త పైడమ్మ పిన్ని అడ్డంగా నిలబడింది.

"మందుల కొట్టమ్మా, లోపలికి రాకు. అమ్మోరున్నాది."

"రానులే పిన్నీ, ఇక్కడ్నించే అరుస్తాను. అమ్మోరొచ్చింది ఎవరికి?"

"మనవడికి."

"మరి సావుకి సిద్ధమైంది నీ కోడలేటి?"

పిన్ని గొంతు తగ్గింది. "నా మరిదికి పోసినప్పుడు ఎవరో మందు తాగించినారు. తెల్లారేసరికి పోయినాడు. సదువుకున్నావు, నీకు భయం లేదు. నాకున్నాది."

ఆ భయాన్ని వెక్కిరించడానికి నాకు నోరు రాలేదు. అలాగని వెనక్కి తగ్గలేదు. "సరే, నీ ఇంట్లో మందుండదు. నీ కోడలు నీ గడప లోపల మింగదు, నా కొట్లో మింగుతుంది. అమ్మోరికి కోపమొస్తే నా మీదకి రమ్మను. నా ఇల్లు నువ్వే చూపించు."

"నీ నోటికి అమ్మోరే జడుస్తాది" అని, పిన్ని కోడలి వైపు తిరిగింది. "ఎల్లు. వచ్చి కాళ్ళు కడుక్కో, అంతే."

అట్నుంచటే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఐఎన్ఆర్ చేశారు. రక్తం ఎంత త్వరగా గడ్డ కడుతోందో చెప్పే పరీక్ష అది. అంకె ఉండాల్సినంత లేదు, అంటే రక్తం తొందరగా గడ్డ కడుతోంది. గుండె స్కాన్‌లో గడ్డ కనబడలేదు కనుక బతికింది. బిళ్ళ మళ్ళీ ఒంటికి పట్టేదాకా రోజూ వచ్చి ఇంజెక్షన్ చేయించుకోమన్నారు.

డాక్టరుబాబు బెంగాలీలో విసుక్కున్నాడు. "మూఢులు. ఎంత చెప్పినా వినరు."

"ఎంత చెప్పారు? మానొద్దన్నారు. ఇంట్లో అమ్మవారు పోసినా మానొద్దని చెప్పారా?"

"వాళ్ళ పూజలూ పట్టింపులూ తెలుసుకోవడం నా పని కాదు దీదీ."

"అయితే మూఢులనడం కూడా మీ పని కాదు."

ఆయన మొహం ఎర్రబడింది. పడనీ అనుకున్నాను. అయినా వెళ్ళేముందు గౌరిని కూర్చోబెట్టి, తన వచ్చీరాని తెలుగులో ఆ మాట చెప్పాడు. అది ఒప్పుకోవాలి.

ఆ తర్వాత గౌరి రోజూ నా కౌంటర్ దగ్గర నిలబడి, నా సీసాలో నీళ్ళతో బిళ్ళ వేసుకునేది. వెనకే షుగరు బిళ్ళకి మామగారు. ఓ సాయంత్రం పైడమ్మ పిన్నే వచ్చి మెట్టు కింద ఆగింది. "మింగినాదా? నోరు తెరవమను, నాలిక కిందెడతాది."

మందు వేసుకోనివాళ్ళంతా మొండివాళ్ళు, తెలివితక్కువవాళ్ళు అనేవాళ్ళతో నేనిప్పటికీ కొట్లాడతాను. ఇంట్లో ఎవరి భయం ఎవరి మందు ఆపుతోందో చీటీ మీద కనబడదు. అందుకే గుండె బిళ్ళ కొనేవాళ్ళని "వేసుకుంటున్నారా?" అని అడగను. అందరూ "ఆఁ" అనేస్తారు. "ఎప్పుడు మానతారు? ఎవరు మానమంటారు?" అని అడుగుతాను. "మా ఇంటి గొడవ నీకెందుకమ్మా?" అని కసురుకునేవాళ్ళున్నారు. కసురుకోనీ. చెప్పేదాకా స్ట్రిప్పు నా చేతిలోనే ఉంటుంది.