మామను ఓడించే చదరంగం

కొత్తగా పావులు పట్టినవాడు నాలుగు రోజుల్లో ఆరితేరి, చదరంగంలో తలపండినవాళ్లను ఓడించగలడా అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆవులింత వస్తుంది, తరువాత నడుం నొప్పి వస్తుంది, ఆ తరువాతే జవాబు వస్తుంది. ఈ ప్రశ్న పుణ్యమా అని నేను ఒక చలికాలమంతా పెళ్లాం లేకుండా గడిపాను.

డెబ్బైల మొదటి రోజులవి. కరువు తగ్గి జొన్న మళ్లీ కంటపడిన ఏడు. రైతులు తెచ్చిన ధాన్యాన్ని హర్రాజు వేయించే ఒక ఆడత్ దుకాణంలో, ధర్మాబాద్‌లో, నేను గుమస్తాని. నా భార్య తొలి కాన్పుకు కర్ఖేలిలోని పుట్టింటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. అయిదో నెల రాగానే తల్లినీ బిడ్డనూ అత్తింటికి పంపడం మా వైపు ఆనవాయితీ. ఆ అయిదో నెల వచ్చేదాకా నా వంట నేనే చేసుకున్నాను. వంట అనడం పెద్దమాట. నేను కాల్చిన జొన్నరొట్టెను దుకాణం ముందు కట్టేసిన ఎద్దుకు పెడితే, అది నా మొహంలోకి చాలాసేపు చూసి, తన ముందున్న గడ్డిని మూతితో నావైపు నెట్టింది.

అయిదో నెల వచ్చింది. ఆదివారం పొద్దున పాసింజరు ఎక్కి కర్ఖేలి వెళ్లాను. ఎక్కడం నేను యువకుడిగానే ఎక్కాను. ఆ బండి నడిచే తీరుకు దిగేటప్పటికి చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి.

మామ వాకిట్లో చదరంగం పరుచుకుని కూర్చున్నాడు. వ్యవసాయదారుడు. ఆయన మీసాలు ఎంత పొడవంటే రైల్లో వాటికి వేరే టికెట్ తీయాలి. చదరంగం బల్ల కాదు, గళ్లు కుట్టిన పాత గుడ్డ. పావుల్లో ఒక ఒంటె ఎప్పుడో పోతే దాని చోట చింతగింజ నిలబెట్టాడు. ఆ చింతగింజ నా వజీరులను ఎంతమందిని చంపిందో లెక్క తీస్తే దాని మీద హత్య కేసులు పెట్టొచ్చు.

"మామా, అయిదో నెల అచ్చింది. తీస్కపోత," అన్నాను.

"తీస్కపో బిడ్డా, నేనేమన్న పట్టుకున్ననా? కూసో. ఒక్క ఆట ఆడు. గెల్వు, తీస్కపో."

"ఓడితే?"

"ఓడితే ఏమున్నది, మళ్ల ఐతారం రా."

వాకిట్లో ఇరుగుపొరుగు నిలబడి ఉన్నారు. కొత్త అల్లుడి పౌరుషం సంగతి తెలిసిందే. సరేనన్నాను. నా చాయ్ చల్లారకముందే ఓడిపోయాను.

ఆ వారమే నాందేడ్‌కు దుకాణం పని మీద వెళ్లి, బస్టాండు ముందు పాత పుస్తకాల బండి మీద మరాఠీలో చదరంగం పుస్తకం ఒకటి కొన్నాను. కొద్ది వారాల్లో ఎంతటివాడినైనా మట్టికరిపించవచ్చని మొదటి పేజీలోనే హామీ ఇచ్చింది. నమ్మాను. కాలిన రొట్టెలు తినేవాడు దేన్నైనా నమ్ముతాడు. జొన్న బస్తాల మీద గళ్లు గీసుకుని, కుడిచెయ్యి ఒక పక్షం, ఎడమచెయ్యి ఒక పక్షంగా ఆడాను. ఎడమచెయ్యి దొంగాట ఆడేది. దానితో రెండు రోజులు మాట్లాడలేదు.

మళ్లీ ఆదివారం. పుస్తకంలో చెప్పినట్టు సిపాయిని మొదటే రెండు గళ్లు దూకించాను. మామ దాన్ని రెండు వేళ్లతో పట్టి ఒక గడి వెనక్కి జరిపాడు.

"గది ఏడికి ఉరుకుతున్నది? ముందుగాల నడ్సుడు నేర్పు."

సరేనని నడిపించాను. ఎట్లాగో ఆయన రాజును మూలకు నెట్టి, ఇక ఆట కట్టినట్టేనని వాకిలి అదిరేలా "ఇంకొక్క ఎత్తుల మాత్!" అన్నాను. మామ తొణక్కుండా రాజును ఎత్తి గుర్రంలా గంతు వేయించి అవతల పెట్టాడు.

"ఇదేంది మామా!"

"రాజు గద. ఆటల ఒక్కసారి గుర్రం లెక్క దుంకుతడు. మీ బుక్కుల రాజుకు దుంకుడు లేదా?"

"లేదు."

"పాపం, బీద రాజున్నట్టున్నడు."

అప్పుడు తెలిసింది, పుస్తకంలోది దొరల ఆట, వాకిట్లోది మన ఆట అని. పుస్తకాన్ని జొన్న బస్తాల కింద ఎత్తుకు పెట్టి, వారం వారం ఓడిపోతూ అసలు ఆట నేర్చుకోవడం మొదలుపెట్టాను. రాజు దూకకముందే అతనికి ఒక్క శహ్, అంటే రాజు మీద నేరుగా దాడి, తగిలిందా, ఇక ఆ గంతు హక్కు పోతుంది. ఈ ఒక్క ముక్క తెలియడానికి నాకు పండగలు, పబ్బాలు, రెండు దగ్గు జబ్బులు పట్టాయి.

వింత ఏమిటంటే, నా ఆట బాగుపడేకొద్దీ నాకు మర్యాదలు పెరిగాయి. మొదట చాయ్, తరువాత గుడ్లు, తరువాత కోడి. చివరికి మామే స్టేషనుకు ఎదురొచ్చి నా సంచి మోశాడు. ఓడిపోయేవాడికి ఇంత సన్మానం ప్రపంచంలో ఇంకెక్కడా జరిగి ఉండదు. రాత్రి బండికి మాత్రం ఒంటరిగా ఎక్కేవాణ్ని. ప్రతి వారం పిల్ల కాస్త పెద్దదయ్యేది, నన్ను చూసి కాస్త ఎక్కువ ఏడ్చేది.

ఒక ఆదివారం బావి దగ్గర నీళ్లు తోడుతూ నా భార్య మెల్లగా అంది:

"ఎందుకయ్యా గంతగనం నేరుస్తున్నవ్?"

"నిన్ను తీస్కపోదామని."

"నువ్వు నేర్చినకొద్ది నాయిన నన్ను పంపడు. ఆయన జతగాళ్లల్ల ఒకాయనకు కండ్లు పొయినయి, ఒకాయన మనిషే పోయిండు. గిప్పుడు నువ్వొక్కనివే దొరికినవ్. నేను పోతే నువ్వు రావు గద."

ఓడితే పంపడు, బాగా ఆడితే అసలే పంపడు. గెలవడం తప్ప దారి లేదు. ఇంత అలసిపోయిన మనిషిని గెలవమనడం న్యాయం కాదు, కానీ ఎవరికి చెప్పుకోను?

తరువాతి వారం కూర్చున్నాను. ఆరంభంలోనే శహ్ కొట్టి ఆయన రాజు కాళ్లు కట్టేశాను. ఆపైన నాకే తెలియని ఆకలి లేచింది. గుర్రాలను తిన్నాను, ఏనుగులను తిన్నాను, సిపాయిలను వరసపెట్టి నమిలాను. వజీరు పోయాడు. ఆఖరికి ఆ చింతగింజ కూడా నా చేతికి చిక్కింది. అవతల గుడ్డ మీద మామ రాజు ఒక్కడే, ఇల్లు కాలినవాడిలా నిలబడ్డాడు. నేను లేచి లోపలికి కేకేశాను:

"సందుక సర్దు!"

మామ మీసం సవరించుకున్నాడు. "బుర్జయింది బిడ్డా," అన్నాడు.

"బుర్జేంది?"

"రాజొక్కడే మిగిలిండనుకో, ఆట సమానమైతది. ఒక్క సిపాయినన్న విడ్వకపోతివి! కడుపు కాలినోడు ఆడితే గిట్లనే ఆడుతడు."

కూర్చున్నాననడం అబద్ధం. కూలాను. ఆ చలికాలం తిన్న మాడు రొట్టెలన్నీ ఒక్కసారిగా కడుపులో బరువెక్కాయి. ఇంక పోట్లాడే ఓపిక కూడా లేదు.

నా భార్య పిల్లను చంకనేసుకుని గడపలోకి వచ్చింది. వెనుక అత్త సర్దిన బట్టల సందుకతో నిలబడింది.

"నాయినా, నువ్వు గెల్చినవా?"

"లేదు బిడ్డా."

"ఈన గెల్చిండా?"

"యాడ గెల్చిండు!"

"ఇద్దరు గెల్వకపోతే మాట ఎవ్వలదైతది? నాదైతది. బండి కట్టుమను."

మామ ఆమె వైపు తిరిగాడు. "నీకు ఆట నేర్పకపోతి, తప్పు చేసిన," అన్నాడు. తరువాత పావులన్నిటినీ గుడ్డలో వేసి ముడి వేయబోయాడు. ముడి పడలేదు. అత్త వచ్చి వేసింది.

స్టేషనుకు ఆయన రాలేదు. ఎద్దులకు మేత వేయాలన్నాడు. వాటి ముందు మేత కుప్పగా ఉంది.

రైలు కదిలింది. పిల్ల నా వేలు పట్టుకుని, మొదటిసారి ఏడవకుండా చూసింది. నేను గెలవలేదు గానీ గెలిచినవాడిలాగే ఇంటికి పోతున్నానని, ఇక ఆదివారాలు పొద్దెక్కేదాకా పడుకోవచ్చని లెక్కలు వేసుకుంటున్నాను.

"వచ్చే ఐతారం జల్ది లేవాలె," అంది నా భార్య.

"ఎందుకు?"

"ప్రతి ఐతారం అల్లుడస్తడు, ఆడుతడని నాయినకు చెప్పిన. గందుకే పంపిండు. ఊకెనే పంపిండనుకున్నవా?"

"ఎన్ని ఐతారాలు?"

"నాయిన ఉన్నన్ని."

నేను రైలు పెట్టె గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాను.