కోటేశ్వరి కుట్టిన టోపీ

కోటేశ్వరి కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మిరపకాయల తొడిమలు తీయడం కూర్చుని చేసే పనే. అయినా ఆమె ఒక మోకాలు లేపి, ఎవరో పిలిస్తే పరుగెత్తడానికన్నట్టు ఉండేది. పక్కనున్న నాకు చిరాకు పుట్టేది. "కాస్త నిమ్మళంగా ఉండవే" అని రోజుకు నాలుగుసార్లన్నా అని ఉంటాను.

ఇది రెండువేల నాలుగులో సంగతి. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ, దాని వెనక రేకుల షెడ్డు, అందులో పద్నాలుగు మంది ఆడవాళ్ళం. కారపు దుమ్ము జుట్టులోకి దిగితే ఇంటికెళ్ళాక దిండు కూడా ఘాటెక్కుతుంది. అందుకని పాత తువ్వాలో, చిరిగిన లుంగీ ముక్కో తలకు చుట్టుకునేవాళ్ళం. ఒకరోజు కోటేశ్వరి పురుగుమందుల కంపెనీ వాళ్ళు రైతులకు పంచే పచ్చ టోపీ పెట్టుకుని వచ్చింది. మేం పడీ పడీ నవ్వాం. మర్నాడు జయకుమారి తన కొడుకు క్రికెట్ టోపీ తెచ్చింది. ఆ మర్నాడు నేను మా ఆయన మంకీ క్యాపు తగిలించుకుని వెళ్ళాను, అదీ ఏప్రిల్ నెలలో. అప్పటినుంచి మాకదొక పిచ్చయిపోయింది. టీ వచ్చే వేళకు ఆ రోజు ఎవరి తల మీద ఏముందో చూడాలి. కొత్తదేదైనా వస్తే అది పద్నాలుగు చేతులూ తిరిగి, అందరి మెప్పూ పొంది, అప్పుడు సొంత మనిషి దగ్గరికి చేరాలి. ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గానీ తప్పినవాళ్ళు లేరు.

టోపీలు చేతులు మారుతుంటే మాటలు ఇళ్ళ మీదికి పోయేవి. ఎవరి కప్పు కారుతోంది, ఎవరి గుమ్మానికి చెదలు పట్టింది, ఇవే కబుర్లు.

"మా గచ్చు మళ్ళీ పగిలిందే" అని జయకుమారి అంటే చాలు, కోటేశ్వరి అందుకునేది. "పైపైన సిమెంటు పూస్తే నిలవదే. పగులంతా చెక్కి పొయ్యాలి. ఆదివారం నేనొస్తాలే."

వచ్చేది కూడా. మా ఇంటి తలుపు వానలకు ఉబ్బి పట్టేస్తే ఎక్కడినుంచో చిత్రిక తెచ్చి తనే గీకింది. టీ ఇస్తే నిలబడే తాగింది. మా చిన్నదాన్ని మాత్రం వెళ్ళేదాకా చంక దించలేదు. ఆమెకు పెళ్ళై పదహారేళ్ళయింది, పిల్లలు లేరు. భర్త యలమందయ్య పత్తి మిల్లులో పనిచేసేవాడు. మంచివాడే, నోట్లోంచి మాట ఊడిపడదు.

మా అందరిలోకీ చిన్నది గుల్షన్. కడుపుతో ఉన్నప్పుడు ఘాటు పడక పని మానేసింది. ఆడపిల్ల పుట్టింది. నలభై రోజులు దాటగానే బ్రాడీపేటలో బట్టలు కుట్టే షాపులో చేరాలి. అత్త జైతున్‌బీ గాజుల మలారం ఎత్తుకుని ఊళ్ళు తిరిగే మనిషి. మరి పగలు పాపనెవరు చూస్తారు? కోటేశ్వరక్క చూస్తుందని గుల్షనే అంది. పాపను తన చేతికిస్తే షెడ్డు మానేస్తానని కోటేశ్వరి ఆ క్షణమే చెప్పేసింది. జైతున్‌బీ మాత్రం తేలిగ్గా తల ఊపలేదు. కోటేశ్వరి ఇంటికి వచ్చి గోడమూల ఎలక బొక్కలూ, గుమ్మం పక్కన చీమల బారూ చూసింది.

"ముందు ఇల్లు బాగుచేసుకో అమ్మా. నలభయ్యో రోజున పాపకు గుండు చేయిస్తాం. నా మాట ఆ రోజు చెప్తా" అంది.

ఇక చూడాలి కోటేశ్వరిని. గాజుపెంకులు కలిపిన సిమెంటుతో బొక్కలు పూడ్చింది. గోడలకు రెండుసార్లు సున్నం వేసింది. గచ్చును నున్నగా రుద్దింది. దూలానికి ఉయ్యాల కొక్కెం బిగించి, నన్ను పిలిచి దాన్ని పట్టుకుని వేలాడమంది.

"నేను వేలాడితే నీ దూలం మిగలదే" అన్నాను. ఆమె నవ్వలేదు. వడ్ల బస్తా వేలాడదీసి పరీక్షించుకుంది.

షెడ్డులోనూ అదే గోల. గచ్చు మరీ నున్నగా ఉంటే పిల్ల జారుతుందా, చీమలకు పసుపు చాలుతుందా, జైతున్‌బీ ఒప్పుకుంటుందంటావా? అడిగిందే అడిగేది. జవాబు చెప్పేలోగా లేచి నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి, తాగకుండానే తిరిగొచ్చేది. ఆ ఆత్రం చూస్తే నాకు భయమేసేది. ఒకదాన్ని అంతగా కోరుకోకూడదు. ఆ మాట ఆమెతో అనడానికి మాత్రం నోరు రాలేదు.

గుండుకు నాలుగు రోజుల ముందు షెడ్డుకు ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చింది. అందులో అరచేతిలో ఇమిడిపోయే టోపీ ఉంది. మెత్తని పాత నూలుచీర ముక్కతో కుట్టి అంచుకు లేసు వేసింది. కుట్టడానికి కూర్చున్నప్పుడల్లా కారం పోయేలా చింతపండుతో, మజ్జిగతో చేతులు తోముకున్నానని చెప్పింది.

"దూరం నుంచి చూపించి తీసేసుకుంటా" అంది.

టోపీల షెడ్డుకు కొత్త టోపీ వస్తే దూరం నుంచి చూసేదెవరు? జయకుమారి లాక్కుంది. అది అందరి చేతులూ తిరిగింది. ఒక్కొక్కళ్ళమే పిడికిలికి తొడిగి, అదే పాప తల అన్నట్టు ముద్దులాడాం. నా పిడికిలి మీదా ఎక్కింది.

చివరికి జయకుమారే, "ఒకసారి ఉతికి పెట్టవే" అంది.

"ఉతికితే లేసు ముడుచుకుపోద్ది" అంటూ కోటేశ్వరి దాన్ని నాలుగుసార్లు దులిపి బుగ్గకు రుద్దుకుంది. "ఏం మండట్లా." నా బుగ్గకూ రుద్దింది. నాకూ ఏమీ అనిపించలేదు. ఏళ్ళ తరబడి ఆ దుమ్ములో నానిన చర్మాలు మావి, మాకు మండడం ఎప్పుడో మానేసింది. ఆ సంగతి మాలో ఒక్కదానికీ తట్టలేదు.

ఆదివారం ఉదయం గుల్షన్ ఇంటి వసారాలో వెంకయ్య పాపకు గుండు చేశాడు. చేయి తిరిగిన ముసలాయన, ఒక్క గాటు పడలేదు. గంధం రాశారు. జైతున్‌బీ టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, కుట్టు మెచ్చుకుని, "నువ్వే పెట్టు" అంది. కోటేశ్వరి పెట్టింది.

"ఇల్లు నిన్న వచ్చి చూశాలే. సోమవారం నుంచి పాపను తీసుకుపో" అంది జైతున్‌బీ.

కోటేశ్వరి గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుంది. ఆమె అలా కూర్చోవడం చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

కాసేపటికి పాప ఏడుపందుకుంది. ఆకలేమో అనుకున్నాం. పాలు పట్టదు, మొహం కందగడ్డయిపోయింది. టోపీ తీస్తే గుండంతా ఎర్రగా ఉంది.

జైతున్‌బీ వెంకయ్య మీదికి లేచింది. "కత్తి ఎవరికి వాడి తెచ్చావు? పసిదాని తల అనుకున్నావా, గొర్రె తల అనుకున్నావా?"

"కొత్త బ్లేడమ్మా, మీ ముందే విప్పాను" అంటూ వెంకయ్య పెట్టె తెరిచి చూపించాడు. ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చారు.

"నీళ్ళు పొయ్యొద్దు, ఇంకా పాకుద్ది. కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడవండి" అంది కోటేశ్వరి. "మీరు రాయండి, నేను కాదు."

జైతున్‌బీయే రాసింది. మూడుసార్లు రాసి తుడిచాక ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. ఆమె మళ్ళీ వెంకయ్య వైపు తిరిగింది. ఈ వీధిలో ఇంకెవరూ నిన్ను పిలవకుండా చేస్తానంది. ముసలాయన తల వంచుకుని పెట్టె సర్దుకుంటున్నాడు. కోటేశ్వరి నోరు తెరవబోయింది. నేను ఆమె చెయ్యి గట్టిగా గిల్లాను. అవును, నేనే. ఊరుకుంటే పాప ఆమెకు దక్కుతుంది, వెంకయ్య సంగతి తర్వాత చూడొచ్చు అనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమె చెయ్యి లాక్కుంది.

"ఆయన్నేమీ అనకండి. టోపీలో కారముంది. షెడ్డుకు పట్టుకెళ్ళి అందరికీ చూపించాను."

జైతున్‌బీ తిట్టలేదు. టోపీని రెండు వేళ్ళతో ఎత్తి వసారా అవతల పెట్టి, వెంకయ్యకు టీ ఇమ్మని లోపలికి కేకేసింది. గుల్షనే పాపను ఎత్తుకుని కోటేశ్వరి దగ్గరికి వచ్చింది.

"తెలియక జరిగిందిలే అక్కా. షెడ్డు ఎట్టాగూ మానేస్తున్నావుగా. ఇదిగో, ఎత్తుకో."

కోటేశ్వరి లేచి నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మా ఇంటికి పంపొద్దే. ఆ సున్నం, ఆ గచ్చు, ఆ ఉయ్యాల తాడు, అన్నీ పని దిగొచ్చి ఈ చేతుల్తోనే చేశా. ఎక్కడ మండుద్దో, ఎక్కడ మండదో నాకు తెలియదు గుల్షన్. నాకు తెలియట్లేదు."

గుల్షన్ పాపను ఇంకాస్త ముందుకు చాచింది. తర్వాత మళ్ళీ భుజాన వేసుకుంది.