పసుపంటిన కవరుతో బళ్లారి దాకా

మూడేళ్లుగా తయారైన ఒక పిల్ల చదువును పది నిమిషాల్లో ఎట్లా చెడగొట్టచ్చో తెలుసుకోవాలంటే నాతో ప్రయాణం చేయాల. నేను సిరుగుప్పలో రైసుమిల్లులో గోతాలు కుట్టేవాణ్ణి. ఏడో తరగతిలో బడికీ నాకూ తెగిపోయింది. ఎవరు ఎవర్ని వదిలేశారో ఇంకా తేలలేదు. అట్లాంటి నన్ను తోడు పెట్టుకొని మా అక్క కూతురు భార్గవి బళ్లారికి ఇంటర్వ్యూకి బయల్దేరింది.

బీఎస్సీ ఆఖరి సంవత్సరం దానిది. ఆ తర్వాత ప్రజారోగ్యంలో రెండేళ్ల పెద్ద చదువు చదవాలని పట్టు. దానికి మార్కులొక్కటే చాలవంట. ఆస్పత్రిలో రోగుల దగ్గర నిలబడి పని చూసిన గంటలు రాసి చూపించాల, సొంతంగా ఒక సర్వే చేయాల, పాఠం చెప్పిన మేడం ఒక ఉత్తరం రాసి సీలు చేసి ఇవ్వాల. అందుకని శనివారాలు సర్కారాస్పత్రిలో, ఆదివారాలు మా మిల్లులో ఉండేది. తవుడు దుమ్ముకు ఎవరికెంత దగ్గుందో అడిగి నోటుబుక్కులో గడులు గీసి రాసుకునేది. మొదట నన్నే పట్టుకుంది. "దగ్గు ఎన్నాళ్ల నుంచి మామా?" అంటే, "మీ అత్తను చేసుకున్నప్పటి నుంచి" అన్నాను. మళ్లా ఆదివారం అడిగితే ఇంకో ఎగతాళి. నా పేరు పక్కన గడి ఖాళీగానే ఉండిపోయింది.

పొద్దున 6.40కి బస్సు. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్టు ఊరికే, మనకు మాత్రం దుడ్లు కట్టాల. "మగోడిగా పుట్టినందుకు జుల్మానా ఏమప్పా ఇది?" అని కండక్టర్ని అడిగితే ఆయన నవ్వకుండా "చిల్రె కొడ్రి" అని చిల్లర కోసం చెయ్యి చాపాడు.

ఫైలు నా ఒళ్లో ఉంది. నేనే అడిగి పట్టుకున్నాను, ఎందుకంటే ఆ పొద్దున భార్గవి స్నానానికి పోయినప్పుడు నేనొక పని చేసివుంటి. మా ఇంట్లో ముఖ్యమైన కాగితం ఏది గడప దాటినా నాలుగు మూలలకూ పసుపు పెట్టాల్సిందే. పొలం పత్రమైనా, లగ్నపత్రికైనా, దీని హాల్ టికెట్టైనా అంతే. మేడం ఉత్తరమేమో కవర్లో ఉండాది. కవరుకు పెడితే ఆఫీసోళ్లు దాన్ని చించి పారేస్తారు, శుభం చెత్తబుట్టకు పోతుంది. అందుకే టీగిన్నె ఆవిరి మీద కవరు మూత మెల్లగా విప్పి, లోపలి కాగితానికి పసుపు పెట్టి, అన్నం మెతుకులతో మళ్లా అంటించాను. మూట విప్పి శాంపిలు చూసి, విప్పినట్టు తెలియకుండా కుట్టేది ఇరవై ఏండ్ల నుంచి నా పనే కదా.

7.15కి టెక్కలకోటలో ఒకాయన కూతుర్ని తోడుకొని ఎక్కి మా పక్క సీట్లో కూర్చున్నాడు. వాళ్లదీ అదే ఇంటర్వ్యూ, ఆ పిల్ల చేతిలోనూ అదే మాదిరి కవరు. యాడ నుంచి, ఏ కాలేజీ అని మాటలు కలిశాక ఆయన అన్నాడు: "పోయినేడు మా పాప కవరు మూత రవ్వంత లేచింటే తీసుకోలేదప్పా. మూత మీద మేడం సంతకం అడ్డంగా ఉండాల, గీత తెగరాదంట. ఒక ఏడాది పాయె."

నేను ఫైలు కొంచెం తెరిచి చూశాను. మేడం సంతకం పై సగం ఒక పక్కకు, కింది సగం ఇంకో పక్కకు జరిగివుంది. దాని పక్కనే నా బొటనవేలు, పచ్చగా, స్పష్టంగా. ఫైలు మూసేశాను. కిటికీలో నుంచి వరి మళ్లు పోతాండాయి, నాకు ఒక్కటీ కనపడలేదు.

"ఏంది మామా, సప్పుడు లేదు?" అంది భార్గవి. ఆకలి అన్నాను.

8.35కి బళ్లారి. బస్టాండు ఎదురు హోటల్లో ఇడ్లీ బాగుంటుందని చెప్తారు, పోయేవాళ్లు తినండి. నేను నీళ్లు మాత్రం తాగాను. భార్గవి రెండో ఇడ్లీ తుంచుతుండగా చెప్పేశాను. తుంచిన ముక్క ప్లేట్లో పెట్టి మేడంకు ఫోను చేసింది. మేడం ఆ రోజు సెలవులో కుడతిని ఊర్లో వాళ్లింట్లో ఉన్నారంట, రమ్మన్నారు. ఇంటర్వ్యూ జరిగే కాలేజీలో కాగితాలు తీసుకునేది ఒంటిగంట వరకే.

9.10కి కుడతిని బస్సు. దారి పొడవునా లారీలు. భార్గవి కళ్లు మూసుకొని ఇంటర్వ్యూ జవాబులు గొణుక్కుంటాంది, మధ్యలో ఆగి కళ్లు తుడుచుకుంటాంది. నేను ప్రతి లారీనీ మనసులో పక్కకు నెడుతూ కూర్చున్నాను. 10.05కి దిగాం. కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనపడే వీధిలో మేడం ఇల్లు.

మేడం కవరు తిప్పి చూసి, "ఎవరిదీ వేలు?" అన్నారు.

"నాదే మేడం. పిల్లకేం తెలీదు. నేనొచ్చి ఆఫీసులో చెప్తా, జుల్మానా నాకెయ్యమనండి."

"లోపల చదివినారా?"

"ఇంగ్లీషు నేను చూస్తానంతే మేడం, చదవను."

ఆమె నవ్వలేదు. కాలేజీ పేరున్న కాగితం ఇంట్లో లేదు కాబట్టి అదే ఉత్తరాన్ని కొత్త కవర్లో పెడతానన్నారు. పసుపు ఎందుకు అంటిందో, మళ్లీ ఎందుకు సీలు వేశారో ఉత్తరం అడుగున రాసి సంతకం చేశారు. కవర్లో పెట్టే ముందు ఉత్తరంలోని ఒక్క ముక్క నాకు తెలుగులో చెప్పారు: "ఈ అమ్మాయి సర్వేలో మొదటి పేరు మేనమామది. ఆయన ప్రతిసారీ ఎగతాళి చేస్తాడు. ఈమె విసుక్కోకుండా మళ్లీ వారం అడుగుతుంది. ఆ ఓపిక నేను నేర్పింది కాదు." తలెత్తి, "ఆ మామ మీరేనా?" అన్నారు.

జవాబు చెప్పబోతే దగ్గొచ్చింది. నిజం దగ్గే.

11కి తిరుగు బస్సు. సగం దారిలో లారీలు ఆగిపోయి నలభై నిమిషాలు కదల్లేదు. 12.52కి కాలేజీ కిటికీ ముందు నిలబడ్డాం. గుమాస్తా కవరును అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, టప్పుమని ముద్ర కొట్టాడు. టెక్కలకోట ఆయన దూరం నుంచి నాకు తల ఊపాడు.

భార్గవిని రెండున్నరకు లోపలికి పిలిచి మూడుకు పంపారు. ఏమడిగినారంటే, సర్వే పుస్తకం తిప్పి, మొదటి పేరు పక్కన గడి ఎందుకు ఖాళీ అని అడిగారంట.

"ఏం చెప్తివి?"

"ఇంకా అడుగుతానే ఉండా అని చెప్తి."

పేర్ల పట్టీ పది రోజులకు వేస్తారంట. అందులో దాని పేరు ఉంటుందో ఉండదో దానికీ తెలీదు, నాకూ తెలీదు.

4.40 బస్సులో ఇద్దరికీ కిటికీ పక్క సీటు దొరకలేదు. ఊరు దాటినాక సర్వే పుస్తకం తియ్యమన్నాను. అది నా మొహం చూసి, ఎగతాళి కాదని తెలుసుకొని తీసింది. దగ్గు మొదలై రెండేండ్లయింది అన్నాను. తెల్లారి ఎక్కువ అన్నాను. పోయిన నెల రెండు తూర్లు ఉమ్మిలో ఎర్రచార కనపడింది, మీ అత్తకు చెప్పలేదు అన్నాను.

బస్సు కుదుపుకు అక్షరాలు వంకర పోతాన్నా భార్గవి తల ఎత్తకుండా రాసింది. ఆ గడి చాలలేదు. రాత పక్క గడిలోకి పోయింది.

ఈ దారిన పిల్లల్ని తోడుకొని పోయేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. కవరు పిల్ల చేతికే ఇయ్యండి, మీ చేతులు ఒళ్లో పెట్టుకోండి. అడిగినదానికి అడిగినప్పుడే జవాబు చెప్పండి.

"రేపు సర్కారాస్పత్రికి పోదాం మామా. పరగడుపున రా," అంది భార్గవి.

"దీనిక్కూడా నాకు టికెట్టేనా?"

"ఊరికేనే," అని పుస్తకం మూసి నా మణికట్టు పట్టుకుంది. సిరుగుప్ప వచ్చేదాకా నాడి చూస్తానే ఉండింది.