తాతయ్య వేలితో చదివిన ఆదివారం

నా చిన్నప్పుడు ఒక్క వేసవిలో మా తాతయ్య పోగొట్టుకున్నవి ఇవి: మల్లాపూర్ ఫ్యాక్టరీలో పని, సైకిలు తొక్కడం, కుడివైపు చూపు, చదవడం. మాట పోలేదు, రాత కూడా పోలేదు. సంతకం పెట్టేవాడు, పెట్టిన సంతకాన్ని తానే చదవలేకపోయేవాడు. కళ్ళు బాగానే ఉన్నాయని, మెదడులో ఒకచోట రక్తం ఆగి, అక్షరాలను మాటగా గుర్తుపట్టే భాగం దెబ్బతిన్నదని దవాఖానాలో చెప్పారు.

నాలుగింటిలో ఆయనను కుంగదీసింది చివరిదే. నాచారంలోని మా చిన్న ప్రార్థన మందిరంలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది ఆయనే. ఇప్పుడు ఇంకెవరో చదువుతుంటే వెనక వరుసలో తల వంచుకొని కూర్చునేవాడు. మా నాన్నకు అది చూడబుద్ధి కాలేదు.

"నీకు నోటికొచ్చిన అధ్యాయమే ఎత్తుకో మామా. ఎవరికి ఎర్కైతది?"

"దేవునికైతది. నీకైతే ఇప్పుడే ఎర్కైంది గద," అన్నాడు తాతయ్య.

ఆయన మళ్ళీ చదవడం మొదలుపెట్టింది నా పుస్తకంతోనే. నేను మూడో తరగతి. అక్షరం వంపును చూస్తూ, అదే వంపును తొడ మీద వేలితో గీసేవాడు. కంటికి అందనిది చేతికి తెలిసేది. ఒక్కో మాటకు ఎంత సేపు పడుతుందో నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. ఓపిక చాలక మాట అందించేస్తే కోప్పడేవాడు. "నువ్ జెప్తే అది నీ చదువు బిడ్డా, నాది గాదు. జర నోరు మూస్కో."

ఒక సాయంత్రం ఇద్దరం ఉప్పల్ వైపు నడిచి వెళ్తున్నాం. టైర్లు వేలాడుతున్న దుకాణం ముందు ఆగి, వేలు కదపకుండానే బోర్డు చదివేశాడు. ఇంకొంచెం దూరంలో మందుల షాపు బోర్డు కూడా అంతే. "సామాను సూసినంక అక్షరాలు దారిల వడ్డయ్ సూడు," అన్నాడు ఆశ్చర్యంగా. ఇంటికొచ్చి కొత్త పాఠం తీశాం. విడిగా రాసి చూపిస్తే ఎంతకీ రాని మాట వాక్యం మధ్యలో తొందరగా వచ్చేది. మొదటి రెండు మాటలకే వేలు అవసరం. "ముంగటి మాట ఎన్క మాటను చెయ్యివట్టి గుంజుకొస్తుంది," అని నవ్వాడు.

వర్షాలు మొదలయ్యాక పాస్టరు అయ్యగారిని అడిగి, తనకు నోటికి రాని ఎనిమిది వచనాలు తీయించుకొని ఒక ఆదివారం లేచి నిలబడ్డాడు. మెల్లగా, కానీ తెగకుండా ఐదు చదివాడు. ఆరో వచనంలో ఏదో దూరదేశపు ఊరి పేరు వచ్చింది. ఊరి పేరును ముందున్న ఏ మాటా లాక్కురాలేదు. వేలు పంచె మీద కదలసాగింది. అందరూ పుస్తకాల్లోంచి తలలెత్తారు. నా ఒళ్ళోనూ అదే పేజీ తెరిచి ఉంది. ఆ పేరు నా పళ్ళ దాకా వచ్చింది. "అందియ్యవే, తాతకు మొఖమంత చెమటలు వడ్తున్నయ్," అని నాన్న మోచేత్తో పొడిచాడు. నేను తల అడ్డంగా ఊపాను. నా ఏడుపు నాకే వినిపిస్తోంది.

తాతయ్య ఆ పేరు చదివాడు. వచనం చివరిదాకా వెళ్ళి, పైకండువాతో ముఖం తుడుచుకొని, "మిగిలినయ్ వచ్చే ఆదివారం సదువుత," అని కూర్చున్నాడు.

ఆ గురువారమే మళ్ళీ రక్తం ఆగింది. ఈసారి మాట కూడా పోయింది.

ఇప్పుడు నా మనవడు చదువుతూ ఒక మాట దగ్గర ఆగితే, వాళ్ళమ్మ చప్పున అందించబోతుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుంటాను. వాడికి ఎంత సేపు కావాలో అంత సేపూ కూర్చుంటాను. తాతయ్య ఆపిన ఆ అధ్యాయం ఉన్న పుస్తకం మా ఇంట్లోనే ఉంది, ఎన్నోసార్లు తెరిచాను. ఆరో వచనం దాటి ఎప్పుడూ చదవలేదు. ఆయన తరఫున నేను చదివితే అది నా చదువవుతుంది. ఆయనవి ఇంకా రెండు ఉన్నాయి.